బిళ్ళది తప్పు కాదు

మా అత్తయ్య కుడిచేతి పిండికట్టు విప్పిన రోజున డాక్టరుగారు ఆవిడ అరచేతిలో పసుపుపచ్చటి స్పాంజి బంతి ఒకటి పెట్టారు. "రోజుకి నాలుగుసార్లు దీన్ని నొక్కాలమ్మా. లేకపోతే వేళ్ళు బిగుసుకుపోతాయి" అన్నారు. ఇంటికి రాగానే అత్తయ్య ఆ బంతిని ఫ్రిజ్ మీద పెట్టారు. వారం తర్వాత చూస్తే అది అక్కడే ఉంది. దాని మీద పల్చగా దుమ్ము కూడా పట్టింది.

మేముండేది గుణదలలో, మూడో అంతస్తు ఫ్లాటు. నేను ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మావారు హనుమాన్ జంక్షన్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు చూసుకుంటారు, పొద్దున్నే బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరతారు. మా అమ్మాయి విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతోంది. మామయ్యగారు కాలం చేసినప్పటి నుంచి, అంటే పన్నెండేళ్ళుగా, అత్తయ్య మా దగ్గరే ఉంటున్నారు.

అంతకు ముందు ఆవిడ హనుమాన్ జంక్షన్ అవతల ఉన్న వాళ్ళ ఊళ్ళో నలభయ్యేళ్ళు కుట్టుమిషను తొక్కారు. పొలం ఉన్న ఇల్లే, కుట్టి తీరాల్సిన అవసరమేమీ లేదు. అది ఆవిడకి ఇష్టం, అంతే. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళి కుదిరినా ముందు పురోహితుడికి, ఆ వెంటనే మా అత్తయ్యకి కబురు వెళ్ళేదని చెబుతారు. కొలతలు రాసుకోవడం ఆవిడకి తెలియదు. మనిషిని ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిరగమనేవారు, అంతటితో సరిపోయేది. ఆ చెయ్యే విరిగింది.

ఎలా విరిగిందో చెప్పాలి. మార్చిలో, ఇంటర్ పరీక్షలు జరుగుతున్న రోజులు. ఆ పొద్దున నాకు ఇన్విజిలేషన్ డ్యూటీ ఉంది. వంటింటి వెనక బట్టలుతికే చోట దుప్పట్లు జాడించి ఆరేశాను. టైము చూసుకుంటే ఆటోకి ఆలస్యమైపోతోంది. నేల మీద సబ్బునురగ నిలిచి ఉంది. ఒక్క చెంబు నీళ్ళు కొట్టి చీపురుతో నెట్టేస్తే సరిపోయేది. వచ్చాక చూసుకోవచ్చులే అని పరుగెత్తాను. పదిన్నరకి అత్తయ్య అటు వెళ్ళారు. జారి, కుడిచెయ్యి ఆనించి పడ్డారు. పక్క ఫ్లాటువాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నా ఫోన్ బయట బ్యాగులో ఉండిపోవడంతో పరీక్ష అయ్యేదాకా నాకు సంగతే తెలియలేదు.

అక్కడ సబ్బునీళ్ళు ఎవరు వదిలారని ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. అత్తయ్య కూడా ఎత్తలేదు. ఆవిడ ఎత్తకపోవడమే నాకు బరువైంది. ఒక మాట అనేసినా బాగుండును అనిపించేది. ఆరు వారాలు ఆవిడకి జడ వేశాను, చీర కట్టాను, అన్నం కలిపి పెట్టాను. ఎంత చేసినా ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

మే నెల వచ్చేసరికి నాకు సెలవులు. పగలంతా ఇంట్లో మేమిద్దరమే. ఆ ఏడాది ఆవకాయ పెట్టలేదు, ఎవరో ఇచ్చిన సీసాతో సరిపెట్టుకున్నాం. అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు మీద వచ్చేపోయే బండ్లని చూస్తూ కూర్చునేవారు. ఆ చేతిని తనది కాదేమో అన్నట్టు పెట్టుకునేవారు.

"బంతి నొక్కారా అత్తయ్యా?"

"నొక్కుతాలే."

ఫిజియోథెరపీ అబ్బాయి వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చేవాడు. వేళ్ళు వంచమంటే ఆవిడ పళ్ళు బిగపట్టి వంచేవారు. అతను గడప దాటగానే మళ్ళీ ఒళ్ళో పెట్టేసేవారు. "చంటిపిల్లలకి ఇచ్చినట్టు చేతికి బంతి ఇచ్చారు. దాన్ని నొక్కితే ఏమొచ్చుద్ది? ఒక గుడ్డ కుట్టినట్టా, ఒక కూర వండినట్టా?" అని ఒకసారి విసుక్కున్నారు.

ఒక మధ్యాహ్నం, అన్నాలు అయ్యాక, ఉన్నట్టుండి అడిగారు.

"అమ్మాయ్, ఆ కారాట ఇంకా ఉందా?"

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు డెస్క్‌టాప్ కంప్యూటరు కొన్నాం. దానితో పాటు బీసెంట్ రోడ్డులో ఒక కారు రేసు ఆట డిస్కు కూడా కొనిపెట్టాం. అత్తయ్య అప్పుడే కొత్తగా ఊరు వదిలి వచ్చారు. ఇక్కడ ఎవరూ తెలియదు, పొద్దు గడవదు. బడి నుంచి రాగానే మనవరాలు నాయనమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఆట మొదలుపెట్టేది. పిల్లకి అరగంటలో విసుగొచ్చి కిందికి ఆడుకోవడానికి వెళ్ళిపోయేది. నాయనమ్మ మాత్రం లేచేవారు కాదు. సైకిలు కూడా తొక్కని మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోతున్నా పట్టించుకోకుండా, ఎర్రకారుని సముద్రం పక్కనున్న ఘాట్ రోడ్డు మీద పరుగెత్తించేవారు. నాలుగింటికల్లా ఖాళీ అయిపోవాలని వంటా గింటా పొద్దున్నే ముగించేసేవారు. అమ్మాయి పెద్ద చదువుల్లో పడ్డాక ఆ కంప్యూటరు మీద దుప్పటి కప్పేశాం. దానితో పాటే ఆట కూడా మరుగున పడింది.

సాయంత్రం మావారికి చెబితే నవ్వారు. "ఫోన్‌లో బోలెడున్నాయమ్మా కారాటలు. ఇప్పుడే ఒకటి దించి ఇస్తాను, బొమ్మలు కూడా ఇంకా బాగుంటాయి."

"ఆ రోడ్డు నాకు తెలవదు కదరా" అన్నారు అత్తయ్య. "పాతదాంట్లో అయితే ఎక్కడ మలుపొచ్చుద్దో, ఎక్కడ సొరంగమొచ్చుద్దో నాకు తెలుసు."

మర్నాడు పొద్దున అమ్మాయి గదిలో దుప్పటి తీశాను. కంప్యూటరు పాతదే అయినా, మీట నొక్కగానే లేచింది. డిస్కు కూడా పుస్తకాల అరలో అట్ట డబ్బాలో దొరికింది. డ్రైవు తెరుద్దామని మీట నొక్కితే లోపల గర్రుమంది కానీ డిస్కు పెట్టే పళ్ళెం బయటికి రాలేదు. ఇంకోసారి నొక్కాను. మళ్ళీ గర్రు. పది సార్లు నొక్కినా అంతే. పదిహేడేళ్ళుగా మోటారు సూత్రం పాఠం చెబుతున్నదాన్ని, దాన్ని అరచేత్తో తట్టడం మొదలుపెట్టాను.

గుమ్మం దగ్గర్నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "కొట్టకమ్మా దాన్ని. మోటారు తిరుగుతానే ఉంది. పట్టు దొరకట్లా. బెల్టు జారుతోంది."

"అందులో బెల్టు ఉంటుందా అత్తయ్యా?"

"తిరగాల్సింది తిరుగుతోంది. కదలాల్సింది కదలట్లా. మధ్యలో ఏదో ఒకటి ఉండాలిగా మరి."

డ్రైవు ముందు భాగంలో చిన్న చిల్లు ఉంటుంది. కంప్యూటరు ఆపేసి, జెమ్ క్లిప్పుని నిటారుగా చేసి ఆ చిల్లులో గుచ్చితే పళ్ళెం కొద్దిగా ముందుకొచ్చింది. గోరుతో లాగాను. లోపల ఒక భక్తిపాటల సీడీ ఉంది. ఎన్నేళ్ళనుంచి అక్కడుందో.

"విప్పుదాం" అన్నారు అత్తయ్య. ఆ మాట అంటూనే తన గదిలోకి వెళ్ళి కుట్టుమిషను సామాను ఉండే రేకు డబ్బా తెచ్చారు. అందులోంచి వేలెడంత స్క్రూడ్రైవరు తీశారు. నేను కంప్యూటరు పక్కరేకు తీసి, తీగలు పీకి, డ్రైవుని డైనింగ్ టేబులు మీద పాత దినపత్రిక పరిచి పెట్టాను. స్క్రూలు నేను విప్పుతానంటే ఇవ్వలేదు. ఎడంచేత్తో ప్రయత్నించారు, కుదరలేదు. కుడిచేతిలోకి తీసుకున్నారు. వేళ్ళు మూయలేక స్క్రూడ్రైవరు కిందపడింది. నేను తీసి ఇచ్చాను. మళ్ళీ పడింది. మూడోసారి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి, తక్కిన మూడు వేళ్ళనీ ఎడంచేత్తో మూసి పట్టుకుని, మెల్లగా తిప్పారు. నుదుటి మీద చెమట పట్టింది. నాలుగు స్క్రూలకి అరగంట పట్టింది. మధ్యలో నేను సాయం చెయ్యబోతే, "నువ్వు దాన్ని కదలకుండా పట్టుకో చాలు" అని కసిరారు.

లోపల నిజంగానే బెల్టు ఉంది. నల్లటి రబ్బరుది, బొమ్మకి వేసే గాజంత. వదులైపోయి, జిడ్డు పట్టి ఉంది. అత్తయ్య దాన్ని వేలికి చుట్టుకుని చూసి, "సబ్బుతో కడిగి, లోపలివైపు బయటికి తిప్పి ఎక్కించు. కొన్నాళ్ళు లాగుద్ది" అన్నారు. అలాగే చేశాను. డ్రైవుని తిరిగి బిగించి మీట నొక్కగానే పళ్ళెం జర్రున బయటికొచ్చింది. నొక్కితే లోపలికి వెళ్ళింది. అత్తయ్య తనే నాలుగైదుసార్లు నొక్కి చూసుకుని నవ్వారు. రెండు నెలల్లో ఆవిడ నవ్వగా చూడటం అదే మొదటిసారి.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆట డిస్కు పెట్టాం. లోపల గిర్రున తిరిగింది, ఆగింది, టిక్కు టిక్కుమంది, మళ్ళీ తిరిగింది. కాసేపటికి తెర మీద, డ్రైవులో డిస్కు పెట్టండని అడిగింది. పెట్టిన డిస్కునే పెట్టమంటోంది. దాన్ని తీసి ఆ భక్తిపాటల సీడీ వేశాను. వెంటనే పాట మొదలైంది. ఆట డిస్కు వేస్తే మళ్ళీ టిక్కు టిక్కు.

"బిళ్ళ పాడైపోయుంటది" అన్నారు అత్తయ్య. డిస్కుని ఆవిడ బిళ్ళ అనే అంటారు. వెలుతురులో పట్టి చూశాం. సన్నటి గీతలున్నాయి. ఎప్పటివో పిల్లవేలి ముద్రలు, ఏదో జిగురు మరక ఉన్నాయి. ఆవిడ సింకు దగ్గర సబ్బు నురగతో కడిగి, మెత్తటి గుడ్డతో పళ్ళెం తుడిచినట్టు గుండ్రంగా తుడవబోయారు.

"అలా కాదత్తయ్యా. మధ్యలోంచి అంచుకి నిలువుగా తుడవాలి. లోపలి రాత అంతా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. గుండ్రంగా గీత పడితే వరసగా బోలెడు రాత పోతుంది. నిలువుగా పడితే అక్కడక్కడా ఒక ముక్కే పోతుంది."

ఆవిడ చెయ్యి ఆపి నావైపు చూశారు. "ఇదంతా మీ కాలేజీలో చెబుతావా?"

"చెబుతాను."

"బాగానే చెబుతావు" అని, నేను చెప్పినట్టే, కుడిచేత్తోనే తుడిచారు. ఒకసారి సరిపోలేదని రెండోసారి కూడా కడిగాం. ఆరబెట్టి వేస్తే మళ్ళీ అదే టిక్కు టిక్కు.

ఆ మర్నాడు డ్రైవుని ఇంకోసారి విప్పాం. ఈసారి లోపలి కటకం తుడవాలనుకున్నాం. అది కందిగింజంత గాజుచుక్క, దానిలోంచే వెలుగు వెళ్ళి డిస్కు మీది రాతని చదువుతుంది. కరెంటు ఉండగా దాని వంక చూడకూడదని ముందే చెప్పాను. తీగలన్నీ పీకేసి, చెవిపుల్లకున్న దూదిని స్పిరిటులో ముంచి అత్తయ్యకి ఇచ్చాను. ఆ పని కూడా తనే చేస్తానన్నారు. కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది. ఆ మణికట్టు కింద నా అరచేయి పెట్టి ఆనుగా పట్టుకున్నాను. ఎముక అతికిన చోట చిన్న గట్టితనం నా చేతికి తగిలింది.

అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"ఆ రోజు సబ్బునీళ్ళు నేనే వదిలేసి వెళ్ళానత్తయ్యా. చూశాను కూడా. వచ్చాక కడుగుదాంలే అనుకున్నాను."

దూదిపుల్ల ఆగింది. ఆవిడ తల ఎత్తలేదు. "తెలుసులేమ్మా" అన్నారు.

"మరి నన్నొక్క మాటా అనలేదే?"

"ఏమని అనమంటావు? నువ్వు కావాలని వదిలావా?" మెల్లగా ఆ గాజుచుక్క మీద దూదిని తిప్పుతూ అన్నారు. "వెనక్కి పోయేటప్పుడు రబ్బరు చెప్పులేసుకోమని నువ్వు తెచ్చిచ్చావు గుర్తుందా? నేను వేసుకోలా. చప్పుడు చేస్తయ్యని మంచం కింద పెట్టా. నువ్వు నన్నేమన్నా అంటావేమోనని రెండు నెలల నుంచి నేను కూడా నోరు మూసుక్కూర్చున్నా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కళ్ళు తుడుచుకుందామంటే చేయి తీయడానికి లేదు. "కదలమాకు, చుక్క మీద గీత పడుద్ది" అన్నారు అత్తయ్య. ఇద్దరం అలాగే, ఆవిడ చేతి కింద నా చెయ్యి ఉండగానే, ఆ పని ముగించాం.

అంత శ్రద్ధగా తుడిచినా ఆట మాత్రం రాలేదు. పాటల సీడీ వస్తోంది, ఆట రావడం లేదు. అప్పటికి నాకు కాస్త బుర్ర తేలికపడింది. కాలేజీ ల్యాబులో పిల్లలకి నేను చెప్పే మాట నాకే గుర్తొచ్చింది: ఏది తప్పో తెలియనప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. అత్తయ్యని అడిగాను, ఇంట్లో ఇంకో డీవీడీ ఏదైనా ఉందా అని. ఈ ఫ్లాటు గృహప్రవేశం వీడియో బీరువాలో ఉందని ఆవిడే గుర్తు చేశారు. ఒక్క గీత లేదు దాని మీద, అద్దంలా ఉంది. వేశాం. టిక్కు టిక్కు. రాలేదు.

నాకు సంగతి అర్థమైంది. ఈ డ్రైవులో రెండు రకాల వెలుగులుంటాయి. పాటల సీడీని చదివేది ఒకటి, డీవీడీని చదివేది ఇంకొకటి. డీవీడీ మీద రాత మరీ సన్నగా ఉంటుంది కాబట్టి దానికి వేరే వెలుగు కావాలి. మొదటిది బాగానే ఉంది. రెండోదానికి చూపు తగ్గిపోయింది. ఆట డిస్కు కూడా డీవీడీయే.

అత్తయ్యకి ఇంత చెప్పక్కర్లేకపోయింది. "అంటే బిళ్ళది తప్పు కాదు" అన్నారు. డిస్కుని చేతిలోకి తీసుకుని, "అనవసరంగా దీన్ని రెండుసార్లు తోమాం పాపం" అన్నారు.

రెండురోజుల తర్వాత, ఎండ ముదరక ముందే, ఇద్దరం ఆటోలో గవర్నర్‌పేట వెళ్ళాం. నేనొక్కదాన్నే వెళ్ళొస్తానంటే ఆవిడ అప్పటికే ఇస్త్రీ చీర కట్టుకుని తయారుగా ఉన్నారు. పాత కంప్యూటరు సామాను బాగుచేసే కొట్టు ఒక భవనంలో రెండో అంతస్తులో ఉంది. ఇరుకు మెట్లు. అత్తయ్య కుడివైపున్న చువ్వ పట్టుకుని ఎక్కారు, మధ్యలో ఒకసారి ఆగారు. కొట్లో ఒకాయన, నా ఈడు మనిషే, బల్ల నిండా పలకల్లాంటి సర్క్యూట్లు పరుచుకుని కూర్చున్నారు.

"సీడీ డ్రైవా మేడమ్?" అని ఆశ్చర్యపోయారు. "ఈమధ్య వీటికోసం మెట్లెక్కి ఎవరూ రావట్లేదండీ. దేనికోసం?"

"ఒక ఆట డిస్కు చదవాలండీ" అన్నాను.

"బాబు కోసమా?"

"నాకోసమే" అన్నారు అత్తయ్య.

ఆయన బల్ల వెనకనుంచి లేచి, కుర్చీ ఒకటి తుడిచి, అత్తయ్యకి వేశారు. డిస్కుని ముందు తన కంప్యూటర్లో పెట్టి చూశారు. నిమిషంలో ఎర్రకారు బొమ్మ తెర మీదికి వచ్చింది. అత్తయ్య కుర్చీలోంచి సగం లేచారు. "అదే! అదే బండి."

"డిస్కు బంగారంలా ఉందమ్మగారూ. మీ డ్రైవుకే వయసైపోయింది" అని, ఆయన మూలనున్న గోనెసంచి తీసి నేల మీద గుమ్మరించారు. పాత డ్రైవులు. ఒక్కోదాన్నీ తీగలకి తగిలించి, డిస్కు పెట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నారు. మొదటిదానికి పళ్ళెం రాలేదు. రెండోది తిప్పింది కానీ చదవలేదు. మూడోది కాసేపు చదివి వదిలేసింది. ప్రతిసారీ అత్తయ్య ముఖం ముందుకి వంగేది, వెనక్కి వాలేది. నాలుగోది చదివింది. ఆయన దాన్ని ఆపి, మళ్ళీ పెట్టి, మూడుసార్లు పరీక్షించి కానీ మా చేతికివ్వలేదు. "ఎన్నాళ్ళు పనిచేస్తుందో మాత్రం చెప్పలేనండీ" అన్నారు. అత్తయ్య, "నా సంగతి కూడా అంతేలే నాయనా" అని నవ్వుతూ లేచారు.

ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా డ్రైవు బిగించాం. పాతదాన్ని ఎలాగూ బిగించేశాం కదా, దాన్ని తీసే ఓపిక లేక, కింద ఖాళీగా ఉన్న గూట్లో కొత్తదాన్ని పెట్టాను. డిస్కు వేశాం. తిరిగింది, చదివింది, ఎర్రకారు బొమ్మ వచ్చింది. అత్తయ్య కళ్ళజోడు సర్దుకున్నారు. ఆట మొదలుపెట్టమని నొక్కాను.

డ్రైవులో డిస్కు పెట్టండి, అంది.

తీసి మళ్ళీ పెట్టాను. అదే మాట. కంప్యూటరు ఆపి వేశాను. అదే మాట. అత్తయ్య లేచి, తన కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళింది. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చాలన్నారు.

ఆ సాయంత్రం విశాఖపట్నానికి ఫోన్ చేశాను. మా అమ్మాయి సంగతంతా విని, ముందు పగలబడి నవ్వింది. "నాయనమ్మ స్క్రూలు విప్పిందా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత, "డిస్కు కనబడుతోంది, ఆటకి మాత్రం కనబడట్లేదు, అంతేనా అమ్మా? అయితే అది వేరే చోట వెతుకుతోందేమో చూడు" అంది. క్లాసుల గురించి ఏదో చెబుతూనే ఉంది కానీ నా మనసు అప్పటికే ఆ మాట దగ్గర ఆగిపోయింది.

పొద్దున్నే లేచి కాఫీ తాగకుండానే కంప్యూటరు ముందు కూర్చున్నాను. తెర మీద రెండు డ్రైవుల బొమ్మలు ఉన్నాయి. పాతదాని పక్కన ఇంగ్లీషు ఈ అనే అక్షరం, కొత్తదాని పక్కన ఎఫ్ అనే అక్షరం. పన్నెండేళ్ళ కిందట ఆటని ఈ కంప్యూటర్లో ఎక్కించినప్పుడు డిస్కు ఈ అనే డ్రైవులో ఉంది. ఆట ఇప్పటికీ అక్కడికే వెళ్ళి తలుపు కొడుతోంది. అక్కడున్నది చూపు తగ్గిన పాత డ్రైవు, అదీ ఖాళీగా. డిస్కేమో కింది గూట్లో కూర్చుని ఉంది.

కంప్యూటరు ఆపి, పాత డ్రైవు తీగలు పీకేసి, మళ్ళీ వేశాను. సెట్టింగుల్లోకి వెళ్ళి, కొత్తదాని అక్షరాన్ని ఎఫ్ నుంచి ఈకి మార్చాను. ఆట మొదలుపెట్టమని నొక్కాను.

ఇంజను చప్పుడు ఇల్లంతా మోగింది. స్పీకర్ల గొంతు అంత పెద్దగా పెట్టి ఉందని నాకు తెలియదు. పక్క గదిలోంచి మావారు సగం గడ్డం గీసుకున్న ముఖంతో పరుగెత్తుకొచ్చారు. అత్తయ్య మాత్రం పరుగెత్తలేదు. నిదానంగా వచ్చి, నన్ను లేవమన్నట్టు భుజం మీద తట్టి, కుర్చీలో కూర్చుని, కుడిచేతిని బాణం గుర్తుల మీటల మీద పెట్టుకున్నారు.

మొదటి ఆటలో అందరికంటే ఆఖరున వచ్చారు. ఎడమకి నొక్కాలనుకుంటే వేలు కదిలేలోపు కారు రెయిలింగుకి గుద్దుకునేది. "ఎడంచేత్తో నొక్కండమ్మా" అన్నారు మావారు. "ఎడంచేత్తో అయితే ఎవరైనా నొక్కుతారు" అని అత్తయ్య మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. రెండోసారి కూడా ఆఖరే. మూడోసారి సొరంగం దాకా వెళ్ళారు. "ఇప్పుడు కుడికి తిరుగుద్ది, చూడు" అన్నారు ముందే. తిరిగింది. కొండ పక్కనుంచి కారు వెలుగులోకి వచ్చి, ఎడంపక్క నీలంగా సముద్రం పరుచుకోగానే ఆవిడ ముఖం ఎలా ఉందో నేను చెప్పలేను. మావారు గడ్డానికి నురగతోనే నిలబడి చూస్తూ ఆ పొద్దుటి బస్సు అందుకోలేకపోయారు.

అప్పటినుంచి రోజూ పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. నొప్పి పుడితే వేడినీళ్ళలో చెయ్యి పెట్టుకుని వచ్చి మళ్ళీ కూర్చునేవారు. కొన్ని రోజులు చెయ్యి వాచి, ఆట మానేసి పడుకున్నారు కూడా. అలాంటి రోజుల్లో చిరాకుగా ఉండేవారు, నేను కాఫీ ఇస్తే చక్కెర ఎక్కువైందనేవారు. నాకు మాత్రం కోపం వచ్చేది కాదు. ఇప్పుడు మేమిద్దరం ఒకరినొకరం ఏదైనా అనుకోగలం. "అత్తయ్యా, చక్కెర సరిపోయింది, మీకు వేళ్ళు నొప్పిగా ఉన్నాయి" అని నేను అంటే, "రెండూ నిజమే" అనేవారు.

మూడు వారాలయ్యాక ఫిజియోథెరపీ అబ్బాయి వేళ్ళు వంచమన్నాడు. ఆవిడ వంచారు. అతను తన రెండు వేళ్ళు ఆవిడ గుప్పిట్లో పెట్టి బిగించమన్నాడు. బిగించారు. "బంతి బాగా నొక్కుతున్నారన్నమాట" అన్నాడు మెచ్చుకోలుగా. అత్తయ్య నావైపు చూసి ఊరుకున్నారు. అతను వెళ్ళాక, "పాపం, సంతోషపడ్డాడు, చెప్పడమెందుకులే" అన్నారు.

చిటికెనవేలు ఇప్పటికీ పూర్తిగా మడవదు. ఇక అది అంతేనని డాక్టరుగారు కూడా అన్నారు. బరువైన గిన్నె దించాలంటే నన్నో, మావారినో పిలుస్తారు. ఆ గిన్నె విషయంలో తప్ప మిగతా పనులన్నీ ఆవిడవి ఆవిడకి వచ్చేశాయి. జూన్‌లో నా కాలేజీ తెరిచారు. ఇంట్లో ఒక్కరే ఎలా ఉంటారో అని మొదటివారం నేను బెంగపడి, మధ్యాహ్నాలు ఫోన్ చేసేదాన్ని. రెండుసార్లు మోగితే కానీ తీసేవారు కాదు. "రేసులో ఉన్నానమ్మాయ్, తర్వాత మాట్లాడతా" అని పెట్టేసేవారు.

జులైలో ఒక శనివారం కాలేజీ నుంచి త్వరగా వచ్చాను. మా గుమ్మం దగ్గర కింది ఫ్లాటులో ఉండే రిటైరైన టీచరుగారు నిలబడి ఉన్నారు, చేతిలో ఒక డిస్కు కవరు. ఆవిడ ఉద్యోగం విరమించిన రోజున పిల్లలు చేసిన సభ తాలూకు వీడియో అట. ఎక్కడా రావడం లేదని, మా ఇంట్లో డిస్కులు చదివే డ్రైవు ఉందని మెట్ల మీద ఎవరో చెప్పారని వచ్చారట. అత్తయ్య తలుపు సగం తెరిచి ఆ కవరు అందుకున్నారు. డిస్కుని బయటికి తీసి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి అటూ ఇటూ తిప్పి చూశారు.

"గీతలేం లేవండీ, రావొచ్చు. మా కోడలు కూడా ఉంటది, ఇద్దరం కలిసి చూస్తాం" అన్నారు. "కాకపోతే రేపు పదింటికి రండి టీచరుగారూ. ఇయ్యాళ నాకు తీరికలేదు."